పాట వాళ్లది, పేరు ఎవరిది?

(జహీరాబాద్‌లో గ్రామీణ స్త్రీల కళల గురించి, రచనల గురించి జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రమ్మని పంపిన ఉత్తరంలో ఈ సమావేశం విషయం 'గ్రామీణ కళాకారిణులకు, రచయిత్రులకు చేయూత' అని రాశారు. ఆ మాట దగ్గరే నేను కాసేపు ఆగిపోయాను. చేయూత అంటే పడిపోయిన మనిషికి నిలబడ్డ మనిషి అందించే చెయ్యి. ఇక్కడ పడిపోయింది ఎవరు? పాటా, విత్తనమూ, కథా వాళ్ల దగ్గర ఉన్నాయి. కెమెరా, బడ్జెట్టు, రిజిస్ట్రేషన్ కాగితం మన దగ్గర ఉన్నాయి. ఈ రెండూ ఒకచోట చేరితే దానికి భాగస్వామ్యం అని పేరు పెడుతున్నాం. అందులో భాగం ఎవరికెంత? పేరు ఎవరికి, కూలి ఎవరికి, చివరి మాట ఎవరిది? ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్నది ఇంతే.

ముందు నా సంగతి చెప్పాలి. అది దాచిపెట్టి మిగతాది మాట్లాడితే నీతులు చెప్పినట్టుంటుంది.

నా పిహెచ్.డి. పని కోసం ఈ చుట్టుపక్కల ఊళ్లలో తిరిగాను. దళితవాడల్లో స్త్రీలు కలుపు తీస్తూ, ఇసుర్రాయి తిప్పుతూ, పెళ్లిళ్లలో పాడుకునే పాటలు రికార్డు చేశాను. ఒక ఊళ్లో ఒక పెద్దమ్మ నా కోసం రెండు పూటలు కూర్చుని పాడింది. ఆ రోజు ఆమె పనికి పోలేదు. నేను టీ తెప్పించాను, బిస్కెట్ పొట్లం ఇచ్చాను, చాలా మర్యాదగా ఉన్నాననుకున్నాను. లేచి బయల్దేరుతుంటే ఆమె నవ్వుతూనే అడిగింది: "మా పాటలు సంచిల ఏస్కోని పోతున్నవ్. మల్ల ఎన్నడు తెస్తవ్ బిడ్డా?"

నేను కూడా నవ్వాను. తొందర్లోనే వస్తానన్నాను. వెళ్లలేదు.

సిద్ధాంత గ్రంథం పూర్తయింది. అందులో ఆమె పేరు లేదు. 'సమాచారం ఇచ్చిన స్త్రీ, వయసు సుమారు 60' అని ఉంది. గోప్యత పాటించాలన్నది పరిశోధనా నియమం. వేధింపుల గురించి, హింస గురించి చెప్పిన స్త్రీ పేరు దాచడం న్యాయమే. కానీ పాట పాడిన మనిషి పేరు ఎందుకు దాచాలి? ఏ గాయని గురించైనా అలా రాస్తామా? అంతేకాదు, ఆమె భాషను నేను 'సరిదిద్దాను' కూడా. ఇక్కడి మాటలో ఉన్న ఉర్దూ, కన్నడం, మరాఠీ ఛాయల్ని చదివేవాళ్లకు అర్థం కావేమోనని పుస్తకాల తెలుగులోకి మార్చాను. తరవాత ఒక ప్రాజెక్టు బడ్జెట్టు వేసుకుంటున్నప్పుడు, సలహాలిచ్చే ప్రొఫెసర్‌కి గౌరవ వేతనం అని ఒక పద్దు రాశాను. పాడేవాళ్లకు ఏ పద్దూ రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా. నాకు నేనుగా తోచడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు పస్తాపూర్ సంగతికి వస్తాను. నేను ఇక్కడికి తెచ్చి చెప్పడం మీ ఇంటికొచ్చి మీకే భోజనం పెట్టినట్టుంటుంది. అయినా పత్రికలో అచ్చయితే బయటి ఊళ్లవాళ్లు చదువుతారు కాబట్టి చెబుతున్నాను.

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. అప్పటికి ఇది మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి. జొన్న, కొర్ర, సామ, కంది లాంటి మెట్ట పంటల మీదా, విత్తనం మీదా, బంజరు భూముల మీదా సంఘాల స్త్రీలు చేసిన పని అందరికీ తెలుసు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది కూడా ఆ పనికే. ఈ స్త్రీలలో ఎక్కువమంది దళితులు, చిన్న కమతాలవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు. సంస్థను నడిపించినవాళ్లలో ముఖ్యుడు, 2023లో చనిపోయిన పి.వి.సతీష్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చూపించిన ప్రయోగంలో ఉన్నవారు. అంటే నిపుణులు తయారుచేసి పల్లెకు పంపే కార్యక్రమం ఎలా ఉంటుందో లోపలినుంచి చూసిన మనిషి. ఇక్కడికి వచ్చాక ఆ దిక్కు మార్చి, కెమెరానే పల్లె స్త్రీల చేతికి ఇచ్చారు. 1990ల చివర్లో శిక్షణ మొదలైంది. 2001లో ఆ స్త్రీలు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు. సినిమా పాఠశాలల్లో పై కోణం, కింది కోణం, కంటి ఎత్తు అని చెబుతారు. వీళ్లు పైనుంచి కిందికి చూసే షాటును 'పటేల్ షాటు' అన్నారు. పటేల్ గద్దె మీదో అరుగు మీదో కూర్చుని వాకిట్లో నిలబడ్డ కూలిమనిషిని చూసే చూపు అది. కింద కూర్చుని పైకి చూసేది బానిస షాటు. ఎదురెదురుగా, కళ్లకు సమానంగా చూసేది 'సంఘం షాటు', ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు.

దీన్ని ముచ్చటగా చెప్పుకుని వదిలేస్తుంటాం. నేను మాత్రం దీన్ని ఒక సిద్ధాంతం అంటాను. చూపులో అధికారం ఉంటుందని చెప్పడానికి మా విశ్వవిద్యాలయాల్లో బోలెడు పుస్తకాలు చదివిస్తారు. ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది ఈ స్త్రీలు పుట్టినప్పటినుంచీ చూసినదే. కెమెరా చేతికి రాగానే ఆ తెలివి పనిముట్టుగా మారింది. వాళ్లకు ఎవరో చైతన్యం ఇచ్చారని అనకండి. యంత్రం ఇచ్చారు. చైతన్యం వాళ్లదే. 'చేయూత' అన్న మాటతో నాకున్న పేచీ ఇక్కడే.

ఆ కెమెరాతో పంటల గురించీ, పండగల గురించీ ఎన్నో తీశారు. 2002లో బి.టి. పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చినప్పుడు వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి వెళ్లి ఆ పంటకాలమంతా వాళ్ల మాటల్ని చిత్రించారు. వరంగల్ రైతులకు బి.టి. పత్తి మీద కోపం ఎందుకన్నదే 2003లో వచ్చిన ఆ సినిమా విషయం, పేరు కూడాను. పెద్ద కంపెనీలు, శాస్త్రజ్ఞులు, ప్రభుత్వ నివేదికలు ఒకవైపు ఉంటే, రెండోవైపు సంఘం షాటులో కూర్చుని మాట్లాడిన రైతులు ఉన్నారు. చిన్న నర్సమ్మ లాంటి వాళ్లు ఆ సినిమాలతో దేశాలు తిరిగారు. తీసింది ఎవరని అడిగితే వాళ్ల పేర్లే చెప్పాలి.

రేడియో కథ ఇంకా పొడుగు. యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో 1990ల చివరికే రేడియో కేంద్రం సిద్ధమైంది. గాలి అలలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. అయినా ప్రసారానికి అనుమతి లేదు. 2002లో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం ఇస్తానన్నది. స్వచ్ఛంద సంస్థలకు ఇవ్వడానికి 2006 నవంబరు దాకా ఆగాల్సివచ్చింది. ఈ మధ్యకాలంలో స్త్రీలు ఊరుకున్నారా? కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి, టేప్‌రికార్డరు పట్టుకుని సంఘం సంఘానికీ వెళ్లి వినిపించారు. ప్రసారం లేని రేడియో అది! చివరికి 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం రోజున, సంఘం రేడియో 90.4 మీద పలికింది. 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి.సావంత్ గారే వచ్చి ప్రారంభించారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు. తీర్పుకీ గొంతుకీ మధ్య 13 ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 2006 విధానం ప్రకారం లైసెన్సు రావాలంటే కనీసం మూడేళ్ల కిందట రిజిస్టరు అయిన లాభాపేక్ష లేని సంస్థ ఉండాలి. పది ఊళ్ల స్త్రీలు కలిసి వెళ్లి మాకు రేడియో కావాలంటే చట్టానికి వాళ్లు కనిపించరు. సంస్థ ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి మధ్యలో సంస్థ తప్పదు. తప్పదు కనకనే దాని లోపల ఎవరి మాట చెల్లుతుందన్నది మర్యాద కొద్దీ అడిగే ప్రశ్న కాదు, హక్కుల ప్రశ్న. ఏం పాడాలి, ఏది తీసెయ్యాలి, ఎవరు ఎంత తీసుకోవాలి అన్నవి చాప మీద తేలుతున్నాయా, ఆఫీసు గదిలో తేలుతున్నాయా? పస్తాపూర్ గురించే అడగడం లేదు. నేను పనిచేసిన చోట్లన్నిటి గురించీ అడుగుతున్నాను. కొన్నిచోట్ల జవాబు నాకు తెలుసు, బాగుండదు.

ఈ గొడవ మన ఒక్కళ్లదే అనుకోవద్దు. అమెరికాలో మెక్సికో నుంచీ తక్కిన లాటిన్ అమెరికా దేశాల నుంచీ వచ్చి స్థిరపడినవాళ్లు, అక్కడి తోటల్లో కూలి చేసినవాళ్లు, ఇదే దారిలో నడిచారు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానో దగ్గర ద్రాక్షతోటల కూలీలు సమ్మె చేసినప్పుడు లూయిస్ వాల్డెజ్ అనే యువకుడు ఆ కూలీలతోనే నాటక దళం కట్టాడు. దాని పేరు 'ఎల్ తియాత్రో కాంపెసీనో', రైతుకూలీ నాటకం అనుకోవచ్చు. చదవడం రానివాళ్లకు మెడలో 'యజమాని', 'కూలీ' అని అట్టలు తగిలించి, లారీ వెనకభాగాన్నే వేదిక చేసుకుని ఆడారు. మన పాత పంటల జాతర ఎడ్లబండ్లు గుర్తొస్తున్నాయి కదూ? ఏటా సంక్రాంతికి బండ్లు కట్టి, విత్తనాల బుట్టలు పేర్చి, ఊరూరా పాడుకుంటూ వెళ్లేది కూడా అలాంటి వేదికే. రెండేళ్లకు, 1967లో, ఆ నాటక దళం కార్మిక సంఘం నుంచి విడిపోయింది. సంఘం పనికి పనికొచ్చే నాటకమే వెయ్యాలా, తమకు తోచింది వేసుకోవచ్చా అన్న పేచీ భాగస్వామ్యం ఎంత మంచిదైనా వస్తుంది. అది రావడం ఆరోగ్యమే.

రెండో ఉదాహరణ స్త్రీలది. చికానా రచయిత్రులు చెర్రీ మొరాగా, గ్లోరియా అంజల్దువా 1981లో నల్లజాతి, లాటినా, ఆసియా, ఆదివాసీ మూలాల స్త్రీల రచనలతో 'దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్' అనే సంకలనం తెచ్చారు. తెల్లజాతి స్త్రీవాదుల మధ్య తమకు చోటు లేదన్న బాధ అందులో ఉంది. దాన్ని వేసింది ఒక తెల్ల స్త్రీల ప్రచురణ సంస్థే. 1983లో ఆ సంస్థ మూతబడింది. పుస్తకం ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు తెల్లజాతివారు కాని స్త్రీలే నడుపుకుంటున్న 'కిచెన్ టేబుల్' ప్రచురణ సంస్థ రెండో ముద్రణ వేసింది. ప్రెస్సు తమది కాకపోతే పుస్తకం కూడా సగమే తమదని వాళ్లకు అర్థమైంది.

మన తెలుగులో ఇది రచన విషయంలో జరిగింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటల్ని వినిపించింది. మా తరం దాన్ని చదివే స్త్రీవాదంలోకి వచ్చింది. దాని రుణం తీరేది కాదు. కానీ దళిత స్త్రీలు తమ రచనల్ని తామే వెతికి, తామే ఎంచి, తామే సంపాదకత్వం వహించే రోజు తరవాత గాని రాలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చింది. తరవాత ఆమె, జూపాక సుభద్ర కలిసి 'నల్లరేగటి సాళ్లు' తెచ్చారు. ఈ రెండు దశలకూ తేడా ఉంది. మొదటిదాంట్లో అడిగేవాళ్లు ఉన్నారు, చెప్పేవాళ్లు ఉన్నారు. రెండోదాంట్లో ఆ గీత చెరిగిపోయింది. బతుకమ్మను తెలంగాణ స్త్రీలందరి పండగ అంటాం. చాలా ఊళ్లలో దళిత స్త్రీలను ఆ ఆటలో కలవనివ్వని చరిత్ర ఉందని గట్టిగా రాసింది కూడా వాళ్లే. మాలాంటి వాళ్లు సేకరించిన పాటల పుస్తకాల్లో ఆ ముక్క దొరకదు.

ప్రభుత్వం ఏం చేసిందని అడుగుతారు. తెలంగాణ వచ్చాక 'తెలంగాణ సాంస్కృతిక సారథి' పెట్టి సుమారు 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. నెలజీతం వస్తుంది. ఉద్యమంలో గొంతు చించుకున్నవాళ్లకు అది తక్కువ సంగతి కాదు. కానీ పాడవలసింది ఎక్కువగా ప్రభుత్వ పథకాల గురించి. జీతం ఇచ్చినవాడే పాట కట్టిస్తే అది మళ్లీ పటేల్ షాటే. శాలువాలు, ప్రశంసాపత్రాల గురించి మాట్లాడను. చలికాలంలో శాలువా పనికొస్తుంది.

ఇది హక్కుల పత్రిక కాబట్టి చట్టం ఏమంటోందో కాస్త వివరంగా చెబుతాను. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు గాని, శబ్ద రికార్డుకు గాని 'కర్త' అంటే నిర్మాత. కెమెరా పట్టిన స్త్రీ కాదు, కథ చెప్పిన స్త్రీ కాదు. కాగితం మీద నిర్మాతగా ఎవరి పేరుంటే వాళ్లు. అందుకని 'సమష్టి కృషి' అని తీయగా చెప్పుకుంటే చాలదు. నిర్మాత ఎవరో ముందే రాసుకోవాలి. రాయకపోతే డబ్బు పెట్టిన సంస్థ ఖాతాలో పడుతుంది.

తరతరాల పాటకు కర్త ఎవరో తెలియదు కాబట్టి దాని మీద కాపీరైటు దొరకడం కష్టం. ఇది విని చాలామంది, అయితే ఎవరైనా తీసుకోవచ్చన్నమాట అనుకుంటారు. అలా కాదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు అనేది వచ్చింది. పాట ఎవరిదైనా, పాడిన మనిషికి ఆ పాడడం మీద హక్కు ఉంది. ఆమె ఒప్పుకోకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. 1999లో దాని కాలాన్ని 50 ఏళ్లకు పెంచారు. 2012 సవరణ ఇంకో రెండు మాటలు చేర్చింది: ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే అందులో పాడినవాళ్లకు రాయల్టీ రావాలి, పాడింది ఫలానావారని చెప్పమని అడిగే హక్కు వాళ్లకు ఉంటుంది. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది. ఎవరో కుర్రాడు వచ్చి అవ్వ చేత పాడించుకుని, తన యూట్యూబ్ చానెల్లో తన పేరుతో పెట్టుకుంటున్నాడు. లక్షలమంది చూస్తే డబ్బు అతనికి వస్తుంది. అవ్వకు తన పాట ఊళ్లో ఇంకొకరి ఫోనులో వినిపిస్తే గాని తెలియదు. ఇది చట్టవిరుద్ధమని అవ్వకూ తెలియదు, ఆ కుర్రాడికీ తెలియదు.

చట్టంలో ఒక తమాషా కూడా ఉంది. నిజాయితీగా బోధన కోసమో పరిశోధన కోసమో రికార్డు చేస్తే ఉల్లంఘన కాదని 39వ సెక్షన్ అంటుంది. అంటే నేను ఆ పెద్దమ్మ పాటలు సంచిలో వేసుకుని రావడం చట్టం దృష్టిలో నేరం కాదు. నాకు దానివల్ల మనశ్శాంతి ఏమీ కలగలేదు.

అందుకే ఇప్పుడు మేం కొంతమందిమి ఒక పద్ధతి పెట్టుకున్నాం. రికార్డరు తీసే ముందు ఒక కాగితం చదివి వినిపిస్తాం, వాళ్ల మాటలోనే. పేరు వెయ్యాలా, ఏ పేరు వెయ్యాలి, ఊరి పేరు చెప్పాలా వద్దా వాళ్లే చెబుతారు. ఒకామె తన పేరు వద్దని, కూతురి పేరు వెయ్యమంది, వేశాం. కనీసం ఆ రోజు కూలి చేతికి ఇస్తాం, ఖర్చుల పద్దులో పాడినవాళ్లను ముందు రాస్తాం. రికార్డు ప్రతి ఒకటి ఊళ్లో ఉంటుంది. ఇదంతా చేస్తే పని నెమ్మదిగా సాగుతుంది, నిధులిచ్చేవాళ్లు విసుక్కుంటారు. ఒక నిధుల సంస్థ వారు ఈ 'కూలి' పద్దును కొట్టేసి, దానికి బదులు కళాకారులకు సన్మానం అని రాయమన్నారు. కూలి ఇస్తే లెక్క చెప్పాలి, సన్మానం చేస్తే ఫొటో వస్తుంది. ఆ డబ్బు మేం తీసుకోలేదు. దానివల్ల ఒక ఏడాది పని ఆగిపోయింది. ఆ ఆగడం సరైనదేనా అని మాలో ఇప్పటికీ తగువు ఉంది. పాడేవాళ్లను ఆ రోజు అడగకుండా మేమే నిర్ణయం తీసుకున్నాం అన్నది ఆ తగువులో నాకు జవాబు దొరకని మాట.

చివరగా ఒక పని ఉంది. ఆ పాత రికార్డులన్నీ ఇప్పుడు ఒక చిన్న డబ్బాలో తెచ్చాను. అప్పటి నోటు పుస్తకాలు వెతికి, ఏ ఊళ్లో ఎవరు పాడారో నాకు దొరికినంతవరకు జాబితా రాశాను. నన్ను ఎన్నడు తెస్తవని అడిగిన పెద్దమ్మ ఇప్పుడు లేదు. నిన్న వాళ్ల ఊరు వెళితే కోడలు చెప్పింది. ఆమె పాటలు కోడలి ఫోనులో వేసి వచ్చాను. మీలో ఆ ఊళ్లవాళ్లు, మీ అమ్మో అత్తో పాడినవి ఉండొచ్చుననుకునేవాళ్లు, మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను కలవండి. ఫోను గాని, పెన్ డ్రైవ్ గాని తెచ్చుకుంటే అక్కడే ఎక్కించి ఇస్తాను. జాబితాలో పేర్లు తప్పు రాసి ఉంటే దిద్దండి.